చుక్క మా ఇంటి కుక్క అని చెప్పిన తర్వాత

విజయనగరంలో మా వీధిలాంటి చోట్ల కుక్కలను పెంపుడువి, వీధివి అని రెండుగా విడదీయడం కుదరదు. చాలావరకు ఈ రెండింటికీ మధ్యన బతుకుతాయి. పొద్దున ఒక ఇంటి ముందు ఇడ్లీ ముక్క, మధ్యాహ్నం ఇంకో ఇంటి వెనక పప్పన్నం, రాత్రి చేపల పులుసు పెట్టిన ఇంట్లో మిగిలింది. పేరు ఉంటుంది, పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తాయి. కాలభైరవుడి వాహనమని శనివారం పూట ప్రత్యేకంగా రొట్టె వేసేవాళ్లూ ఉన్నారు. అర్ధరాత్రి కొత్త మనిషి వీధి మలుపు తిరిగితే అవి మొరుగుతాయి, మనం నిశ్చింతగా పక్కకు తిరిగి పడుకుంటాం. అదే కుక్క ఎవరినైనా కరిచిన రోజున, అన్నం పెట్టిన నాలుగిళ్లూ "మాది కాదు" అంటాయి.

నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. దాసన్నపేట వైపు ఉంటాం. అలా మధ్యన బతుకుతున్న ఒక ఆడకుక్కను కిందటి ధనుర్మాసంలో మా ఇంటిదిగా చేసుకున్నాం. అప్పటి నుంచి ఈ ఏడాది సిరిమానోత్సవం, అంటే దసరా తర్వాతి మంగళవారం మా ఊళ్లో జరిగే పైడితల్లి అమ్మవారి జాతర దాకా ఏమేం చేయవలసి వచ్చిందో రాస్తున్నాను. కుక్కల మీద ప్రేమ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. కుక్కను పెంచే ఇల్లు ఇరుగుపొరుగుకు ఏమి బాకీ పడుతుందనేది అంతగా ఎవరూ మాట్లాడరు. నాకు చెప్పాలనిపించింది అదే.

చుక్క గోధుమరంగు కుక్క, నుదుట తెల్ల మచ్చ. కార్తీకం చివర మా ఎదుటి ఖాళీ స్థలంలో, తుప్పల మధ్య పిల్లల్ని పెట్టింది. సంక్రాంతి సెలవులకు ముందు, మూడో తరగతి చదివే ఒక బాబు ముచ్చటపడి ఒక కూనను ఎత్తుకోబోయాడు. చుక్క పిక్క పట్టుకుంది. రక్తం వచ్చింది. పిల్లల తల్లి దగ్గరకు వెళ్తే ఏ కుక్కయినా అదే చేస్తుంది, కానీ పిక్క మీద పళ్ల గాట్లు పడిన పిల్లవాడికి ఆ మాట ఎందుకూ పనికిరాదు.

ఒకరు కారప్పొడి తెచ్చారు, ఇంకొకరు పసుపు, సున్నం కలిపి పట్టు వేద్దామన్నారు. నేను బాబును మా కుళాయి దగ్గర కూర్చోబెట్టి బట్టల సబ్బుతో కడగడం మొదలుపెట్టాను. ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుంటూ కడగాలి, ఎందుకంటే ఏడుస్తున్న పిల్లవాడి పక్కన రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. రేబిస్ వైరస్ గాయంలోని కండరం నుంచి నరాల్లోకి ఎక్కి మెదడు వైపు ప్రయాణిస్తుంది. దాని పైపొర సబ్బుకు విచ్చిపోతుంది. అంటే ఆసుపత్రికి చేరేలోపే ఇంటి కుళాయి దగ్గర సగం వైద్యం జరగవచ్చు. కారం, సున్నం వల్ల గాయం ఇంకా చెదురుతుంది తప్ప మేలు లేదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రపంచంలో మనుషులకు రేబిస్ సోకే సందర్భాల్లో 99 శాతం కుక్కల ద్వారానే. అనుమానం ఉన్న జంతువుల కాట్లకు గురయ్యేవారిలో 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలు. లక్షణాలు కనిపించాక ఆ జబ్బు నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగారు గాయం చూసి మూడో రకం అన్నారు. చర్మం చీలి రక్తం వస్తే మూడో రకం. రక్తం రాకుండా గీరుకుపోతే రెండోది. మూడో రకానికి టీకాతో పాటు గాయంలోనూ, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టేలోపు అది కాపలా కాస్తుంది. కుట్లు వేయలేదు, కట్టు కట్టలేదు. బాబు తల్లి భయం భయంగా "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులేనా బాబూ?" అని అడిగింది. "ఆ రోజులు పోయాయమ్మా. రెండు చేతులకూ చర్మంలో చిన్న సూది. ఈ రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఒక్కటి కూడా మానకూడదు" అన్నారు ఆయన. తర్వాత కాగితం మీద రాస్తూ తలెత్తకుండానే అడిగారు: "కుక్క ఎవరిది? దానికి టీకా ఉందా?"

ఎవరం మాట్లాడలేదు.

"పోనీ, కుక్క కనిపిస్తుందా? పది రోజులు దాన్ని కనిపెట్టుకుని ఉండగలరా?"

ఆ ప్రశ్న నన్ను ఇంటి దాకా వెంటాడింది. సాయంత్రం వీధిలో అందరూ చేరారు. కొట్టి చంపేస్తే పీడ వదులుతుందన్నారు ఒకరు. ఆటోలో వేసుకెళ్లి నెల్లిమర్ల దగ్గర చంపావతి ఒడ్డున వదిలేద్దామన్నారు ఇంకొకరు. కోపంలో అన్నారు కానీ చెడ్డవాళ్లేమీ కాదు, వాళ్లలో చుక్కకు రోజూ అన్నం పెట్టేవారూ ఉన్నారు. కుక్కను చంపడం నేరం, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన వీధి కుక్కను పట్టిన చోటే మళ్లీ వదలాలి తప్ప ఊరు దాటించకూడదు. ఇవి చెప్పాను. అయితే వాళ్లను ఆపింది చట్టం కాదు, బాబు సంగతి. చుక్క కనిపించకుండా పోతే అది బతికి ఉందో, పిచ్చెక్కి చచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు నెలల తరబడి భయంతో బతకాలి. పైగా ఒక కుక్కను తీసేస్తే దాని జాగాలోకి, అది తినే తిండికి పక్క వీధి కుక్క వస్తుంది, దానికీ టీకా ఉండదు.

"అయితే పది రోజులు ఎవరింట్లో కట్టేస్తారు?" అని అడిగారు. మా ఇంట్లో అన్నాను. ఆ పది రోజులే కాదు, ఇక నుంచి చుక్క మా ఇంటిదే అని కూడా అన్నాను. మావారు నా వైపు చూశారు కానీ కాదనలేదు.

బాబు తండ్రి ఆటో నడుపుతాడు. అంతసేపూ మాట్లాడని మనిషి అప్పుడు అడిగాడు: "రేపు మళ్లీ కరిస్తే, టీచరుగారూ?"

"అప్పుడు మీరు నా ఇంటికి రండి. నన్నే అడగండి."

ఇది మర్యాదకు అన్న మాట కాదు. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి న్యాయ సంహిత 291వ సెక్షన్ 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చని చెబుతుంది. నాది అన్న క్షణం నుంచి ఆ పూచీ నాదే. బాబును ఆసుపత్రికి తీసుకెళ్లే రోజుల్లో ఆ తండ్రికి పోయే ఆటో బాడుగ కూడా మేమే ఇచ్చాం. మొదట వద్దన్నాడు. తీసుకునేదాకా మావారు వదలలేదు.

మా అత్తయ్యగారు మడి, ఆచారం పాటించే మనిషి. ఆవిడతో ముందే మాట్లాడాను. వంటింట్లోకి, దేవుడి గదిలోకి రాకూడదు, వాకిట్లో మురికి చేయకూడదు, తన చీర అంచు తాకకూడదు అని షరతులు పెట్టి పక్క వరండా ఇచ్చారు. ఇవి న్యాయమైన షరతులే. ఇంట్లో ఒకరికి ఇష్టం లేకుండా కుక్కను తెస్తే ఆ అయిష్టం చివరికి కుక్క మీదే పడుతుంది. కూనలకు గోనె సంచుల మీద పాత చీరలు పరిచాం. చుక్కను పొట్టి గొలుసుతో స్తంభానికి కట్టలేదు. రెండు స్తంభాల మధ్య ఇనుప తీగ లాగి, గొలుసు కొక్కెం దాని మీద జారేలా చేశారు మావారు, అటు చివర నుంచి ఇటు చివరకు నడవగలదు. కుక్కను అన్యాయంగా పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టే ఉంచి తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరాలు. మన ఊళ్లలో గేటుకు కట్టేసి ఏళ్లు గడిపే కుక్కలను చూసినప్పుడల్లా ఆ సెక్షన్ ఎవరికీ తెలియదనిపిస్తుంది. అవి అంత కోపంగా ఎందుకుంటాయో కూడా అక్కడే తెలుస్తుంది.

పది రోజులు చూడటం వెనక ఒక లెక్క ఉంది. కుక్క లాలాజలంలోకి రేబిస్ వైరస్ జబ్బు బయటపడటానికి కొద్ది రోజుల ముందు మాత్రమే చేరుతుంది, జబ్బు బయటపడిన కుక్క కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. కాబట్టి కరిచిన కుక్క పదో రోజు దాటి ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని కాటులో వైరస్ లేదని అర్థం. అలాగని బాబు సూదులు ఆపి కుక్కను చూస్తూ కూర్చోకూడదు, రెండూ ఒకేసారి సాగాలి. ఆ పది రోజుల్లో కుక్కకు టీకా కూడా వేయించవద్దన్నారు, లక్షణాలు కలగాపులగం కాకుండా.

రోజూ రాత్రి ఆఖరి బేరం ముగించుకుని బాబు తండ్రి మా గేటు దగ్గర ఆటో ఆపేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. "నీళ్లు తాగిందాండీ?" అని అడిగేవాడు. నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. కుక్కలు నీళ్లు చూసి బెదరవు, గొంతు కండరాలు పట్టు తప్పి మింగలేక చొంగ కారుస్తాయి, మొరుగు మారిపోతుంది, వెనక కాళ్లు తడబడతాయి, తెలిసిన మనిషినే కొత్తగా చూస్తాయి. ఇవన్నీ ఆయనకు చెప్పాను. అయినా రోజూ నీళ్ల గురించే అడిగేవాడు. నేను గిన్నె తెచ్చి ఆయన కళ్ల ముందే చుక్కతో తాగించేదాన్ని. పదకొండో రోజున ఆయన భార్య కూడా వచ్చి, గేటు తీసుకుని లోపలికి వచ్చి చూసింది.

తర్వాత పశువుల ఆసుపత్రి. టీకా కార్డులో కుక్క పేరు, రంగు, వయసు, కింద యజమాని అని ఒక గడి. నా పేరు, ఫోను నంబరు రాశాను. చుక్కకు రేబిస్ టీకా, కడుపులో పురుగులకు మాత్ర. పురుగుల మాత్రను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కుక్క మలం నుంచి ఏలికపాములు, కొంకిపురుగులు మట్టిలోకి చేరి, ఆ మట్టిలో ఆడుకునే పిల్లలకు అంటుకోగలవు. కుక్కకు మాత్ర వేయడమంటే పక్కింటి పిల్లవాడి గురించి ఆలోచించడం. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి వేసే టీకా మొదలవుతుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. తర్వాత బూస్టర్లు, ఆపైన ఏటా.

కూనల్లో ఒకటి ఆ మొదటి టీకా పడేలోపే పార్వోతో పోయింది. ముందు రోజు రాత్రి అన్నం ముట్టలేదు, తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు. సెలైను పెట్టించినా నిలవలేదు. మా అత్తయ్యగారు ఆ రోజు రెండు పూటలా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిలుకు లొంగదు. వరండా అంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగాం, గోనె సంచులు, చీరలు తగలబెట్టాం. టీకాలు పడని కొత్త కూనను ఈ ఏడాది మా వాకిట్లోకి తేవద్దని వీధిలో అందరికీ చెప్పాను.

మిగిలిన కూనలకు ఇళ్లు వెతకడం ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన పని. వచ్చిన ప్రతివారూ మొదట తోక ఎత్తి చూశారు. "మగదయితే ఇవ్వండి." ఆడకూనలు ఎవరికీ అక్కరలేదు. అందుకే కదా కళ్లు తెరవని ఆడకూనలు అట్టపెట్టెల్లో రైతుబజారు పక్కన, గుడి మెట్ల మీద తేలుతున్నాయి. అక్కడ బతికి బట్టకట్టిన ప్రతి ఒక్కటీ ఏడాది తిరిగేసరికి తల్లి అవుతుంది. మగకూన కోసం వచ్చిన ఒకాయనతో గట్టిగానే మాట్లాడాను: "ఆడదానికి ఆపరేషన్ నేను చేయిస్తాను, ఖర్చు నాది. పెంచడమే మీ పని. ఇప్పుడు చెప్పండి, మగదానికీ దీనికీ తేడా ఏమిటి?" ఆయన ఆలోచించుకుని మర్నాడు భార్యతో వచ్చి ఆడకూననే తీసుకెళ్లారు. అది ఇప్పుడు తోటపాలెంలో ఉంది. ఇంకోదాన్ని గజపతినగరం పక్క పల్లెలో ఉన్న మా తమ్ముడు తీసుకున్నాడు. పంచాయతీల్లో కుక్కలకు లైసెన్సు ఉండాలని 2020లోనే మన రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చిందని గుర్తుచేసి, "ముందు పంచాయతీ కార్యదర్శిని కలువు" అన్నాను. "అక్కా, నువ్వు కూనతో పాటు పాఠం కూడా ఇస్తున్నావు" అన్నాడు, కానీ కలిశాడు. మా దగ్గర నుంచి కూనను తీసుకున్న వారందరి దగ్గరా ఒక మాట తీసుకున్నాను. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించి కార్డు ఫొటో నాకు పంపాలి. పెంచలేకపోతే రోడ్డు మీద వదలకుండా నాకే తిరిగి ఇవ్వాలి.

ఆపరేషన్ విషయంలో నాకు దారి చూపింది నా దగ్గర ఒకటో తరగతి చదివి, ఇప్పుడు గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్న అమ్మాయి. సెలవుకు వచ్చినప్పుడల్లా "టీచర్" అంటూ ఇంటికి వస్తుంది. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, చూలు 63 రోజులకు అటూ ఇటూ. పిల్లలు పాలు మానేసి, తల్లికి పాలు ఇంకిపోయాక కొన్ని వారాలు ఆగి, మళ్లీ ఎదకు రాకముందే చేయించాలని ఆ అమ్మాయే లెక్క వేసి చెప్పింది. అండాశయాలు, గర్భసంచి తీసేస్తారు కాబట్టి తర్వాత వయసులో గర్భసంచికి చీము పట్టి చనిపోయే ప్రమాదం ఉండదు. ఎదకు వచ్చిన ఆడకుక్క కోసం ఊళ్లోని మగకుక్కలన్నీ మన గేటు ముందు కొట్లాడుకునే రాత్రులు కూడా ఉండవు. అలాంటి కొట్లాటల మధ్యలో స్కూటరు మీద వెళ్లేవాళ్లు పడిపోవడం మా వీధి చాలాసార్లు చూసింది.

వీధిలో పెద్దవాళ్లకు మాత్రం ఇది నచ్చలేదు. "నోరులేని ఆడజీవికి గొడ్రాలితనం అంటగడతావా, పాపం కాదా అమ్మా?" అని ఎదురింటి మామ్మగారు నిజంగా బాధపడుతూ అడిగారు. ఆవిడతో వాదించాలనిపించలేదు. "మామ్మగారూ, కిందటేడు దీనికి పుట్టినవాటిలో ఎన్ని బతికాయి?" అని మాత్రం అడిగాను. లారీ కింద పడ్డవి, వానకు తడిసి పోయినవి ఆవిడే ఒక్కొక్కటిగా చెప్పారు. చెప్పాక ఇంకేమీ అనలేదు. తర్వాత, ఆపరేషన్ రోజున పాలూ నీళ్లూ పట్టకూడదని తెలియక గ్లాసుతో పాలు పట్టుకొచ్చింది కూడా ఆవిడే.

ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుక్కను ఎక్కించుకోవడానికి ఆటోవాళ్లు సులభంగా ఒప్పుకోరు, సీటు పాడవుతుందని, వెనక కూర్చునే తర్వాతి మనిషి ఏమంటాడోనని. ఆ పొద్దున మమ్మల్ని తీసుకెళ్లింది బాబు తండ్రి. నేను అడగలేదు, తనే వచ్చాడు. సీటు మీద పరిచేందుకు దుప్పటి కూడా తెచ్చాడు. చుక్క మూతికి నైలాను పట్టీ వేశాం. నొప్పితో ఉన్న కుక్క మంచిదైనా కరవచ్చు, మూతికి పట్టీ వేయడం దాన్ని అవమానించడం కాదు. ఎడ్లకు చిక్కం వేసిన రైతును ఎవరూ క్రూరుడనరు.

ఇంటికి వచ్చాక మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ. అది లేకపోతే కుట్లు నాకేస్తుంది, గాయం విచ్చుకుంటుంది. చుక్కకు అది పరమ అసహ్యం, గుమ్మాలకు గుద్దుకుంటూ తిరిగింది. చూసి జాలిపడి తీసేయమన్నవాళ్ల మాట వినలేదు. కుట్లు విప్పేదాకా మెట్లు ఎక్కనివ్వలేదు, తడవనివ్వలేదు. అత్తయ్యగారు దానికి రాగి జావ కాచారు. చీర అంచు తాకకూడదన్న షరతు అప్పటికే పోయింది, ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

ఇక రోజువారీ సంగతులు. ఆపరేషన్ ఒకసారి, టీకా ఏడాదికోసారి చేయిస్తే సరిపోతాయి కానీ వీధిలో గొడవలన్నీ వచ్చేది వీటి దగ్గరే. మా వైపు తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేస్తారు. ధనుర్మాసంలో అయితే గంటసేపు వంగి వేసిన ముగ్గు మధ్య గొబ్బెమ్మలు పెడతారు. ఆ ముగ్గు మీద కుక్క కాలెత్తితే ఆ ఇంటి ఇల్లాలికి వచ్చే కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది, నేనూ ముగ్గు వేసేదాన్నే. కుక్కను తాడు లేకుండా వదిలి "అదే తిరిగి వస్తుందిలే" అనేవారు తమ ఇంటి మురికిని ఎదుటివారి వాకిట్లో పోస్తున్నారు. నేను తెల్లవారుజామున, ముగ్గులు పడకముందే చుక్కను తాడు పట్టుకుని ఖాళీ స్థలానికి తీసుకెళ్తాను. చేతిలో పాత వార్తాపత్రికలు, చిన్న పార. దారిలో దొడ్డికి వెళ్లినా సరే ఎత్తి తెచ్చి, మా పెరట్లో ఒక మూల తవ్విన గుంటలో వేసి మట్టి కప్పుతాను. మొదట్లో కొందరు వింతగా చూశారు. ఉపాధ్యాయురాలు కుక్క మలం ఎత్తడం చిన్నతనమని మా బంధువు ఒకావిడ నొచ్చుకున్నారు. వేరే ఎవరు ఎత్తాలి? మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికురాలా? ఆమెకు ఆ పని అప్పగించడమే నాకు చిన్నతనంగా తోస్తుంది.

రాత్రి అరుపులు మరో సమస్య. పక్కింటి ఆయన ఆర్టీసీ డ్రైవరు, తెల్లవారుజాము సర్వీసుకు వెళ్లాలి. ఆయన నిద్ర చెడితే బస్సులో కూర్చున్నవారందరికీ ప్రమాదం. కుక్క ఊరికే మొరగదు. వరండాలో నుంచి రోడ్డు కనిపిస్తే ప్రతి నీడకూ మొరుగుతుంది. గేటు కింది భాగానికి రేకు కొట్టించాం, సాయంత్రం నడక పెంచాం, పడక ఇంటి వెనక్కి మార్చాం. చాలావరకు తగ్గింది. తగ్గిందో లేదో మేము తేల్చుకోలేదు, ఆయన్నే అడిగాం.

బాబు సూదులన్నీ పూర్తయ్యాయి. భయం మాత్రం సూదులతో పోదు. కుక్క కనిపిస్తే తల్లి వెనక దాక్కునేవాడు. చుక్కను దగ్గరకు తెచ్చి "ఏమీ చేయదు, తాకు" అని నేను ఎప్పుడూ అనలేదు. ఏ పెంపకందారూ ఆ మాట అనకూడదు. ఏమీ చేయదని మనకు తెలుసు, ఆ పిల్లవాడికి తెలిసింది మాత్రం దాని పళ్లు. వాళ్లు ఎదురైతే నేనే తాడు కుదించి రోడ్డు అవతలికి దాటేదాన్ని. వేసవి సెలవుల్లో వాడే ఒకరోజు గేటు బయట నుంచి "చుక్కా" అని పిలిచాడు. మా బడిలో పిల్లలకు మాత్రం ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టాను: కుక్క వెంటపడితే పరుగెత్తవద్దు, చేతులు ఒంటికి ఆనించి కదలకుండా నిలబడు, దాని కళ్లలోకి చూడకు. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలతో ఉన్న కుక్క జోలికి పోవద్దు. కరిచినా గీరినా తిడతారని దాచకు, ఇంట్లో చెప్పు. చివరిది మూడుసార్లు చెప్పిస్తాను, ఎందుకంటే పిల్లలు దెబ్బలకు భయపడి కాటును దాస్తారు.

జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు. జోసెఫ్ మైస్టర్ అనే బాలుడికి లూయీ పాశ్చర్ మొదటిసారి రేబిస్ టీకా ఇప్పించింది 1885లో ఆ తేదీనే. ఆ రోజున పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తుంది. ఈ ఏడాది చుక్క ఒంటరిగా వెళ్లలేదు. తోటపాలెం ఆడకూన వచ్చింది, టీ కొట్టు అతను తన దగ్గర తినే నల్లకుక్కను తాడు వేసి తెచ్చాడు. కార్డులో యజమాని గడి దగ్గర ఆగి, "నా పేరా?" అన్నాడు. "మీరే కదా పెడుతున్నారు" అన్నాను. రాయించాడు.

2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం టీవీలో చూసి, కుక్కలన్నింటినీ ఎత్తేస్తారట కదా అని వీధిలో మళ్లీ చర్చ లేచింది. ఆగస్టు 22న కోర్టు దాన్ని సవరించి ఇలా చెప్పింది: టీకా వేసి, పురుగుల మందు ఇచ్చి, ఆపరేషన్ చేసిన కుక్కలను పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని వదలకూడదు. ఎక్కడపడితే అక్కడ రోడ్డు మీద తిండి పెట్టకూడదు, వార్డుల్లో అందుకు ప్రత్యేక స్థలాలు గుర్తించాలి. ఈ చివరి మాట మా వీధికి అవసరమైనదే. పిల్లలు ఆడుకునే చోట, ఇళ్ల గుమ్మాల్లో, మలుపుల్లో అన్నం పోయడం వల్లే కుక్కలు అక్కడ కాపు కాస్తాయి, అడ్డొచ్చినవారి మీద పడతాయి. పాత రైసు మిల్లు ప్రహరీ పక్కన, రాకపోకలు తక్కువగా ఉండే చోటును వార్డు సిబ్బందికి చూపించి, అక్కడే, రాత్రి ఎనిమిది దాటాకే పెడదామని నలుగురం ఒప్పుకున్నాం. పెట్టినవారే విస్తరి తీయాలి. శనివారం రొట్టెలు వేసే ఆయన మాత్రం ఇంకా తన గుమ్మం ముందే వేస్తున్నారు. మాట్లాడుతున్నాను.

సిరిమానోత్సవం నాడు పల్లెల నుంచి జనం ఊరిలోకి పోటెత్తుతారు, బాణసంచా, డప్పులు. కుక్క చెవికి ఆ మోత మనకన్నా ఎక్కువ. బెదిరిన కుక్క తాడు తెంచుకుని పరుగెడితే గుంపులో ఎవరినైనా కరవచ్చు, దారి తప్పనూ వచ్చు. మంగళవారం మధ్యాహ్నం ముందే చుక్కను నడిపించుకొచ్చి, వెనక గదిలో కిటికీలు మూసి, ఫ్యాను పెద్దగా పెట్టి, మావారు తోడు కూర్చున్నారు. అత్తయ్యగారూ నేనూ పైడితల్లి అమ్మవారి దర్శనానికి వెళ్లాం. చుక్క మెడ పట్టీకి నా ఫోను నంబరు చెక్కిన రేకు బిళ్ల ఎప్పుడూ ఉంటుంది.

మా వీధిలో ఇంకా ఎవరి పేరూ పడని కుక్కలు రెండు మిగిలాయి, రెండూ మగవే. వాటిని ఆపరేషన్‌కు పట్టుకెళ్లమని నగరపాలక సంస్థకు వీధి తరఫున అర్జీ ఇచ్చాం. దాని మీద బాబు తండ్రి సంతకం కూడా ఉంది. ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి అంచు కొంచెం కత్తిరిస్తారు, తిరిగి వచ్చాక ఆ గుర్తు చూసుకుని రేబిస్ టీకా తేదీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఆ పుస్తకం ప్రస్తుతానికి టీ కొట్టులో ఉంచాం.